బ్రూనో నడుస్తున్నాడు సరే, ఎవరి మందుతో?

జడ్చర్ల దగ్గరి నుంచి ఒక పాఠకురాలు పొడుగాటి ఉత్తరం రాశారు. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త పోలేపల్లి వైపు ఒక ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. ఇంట్లో ఆరేళ్ల బాబు, మామయ్య, తొమ్మిదేళ్ల లాబ్రడార్ బ్రూనో ఉంటారు. (కుక్క పేరు కూడా మార్చాం. కాలనీలో మనుషుల పేర్ల కంటే కుక్కల పేర్లే అందరికీ తెలుసని ఆమె భయం.) బ్రూనోని చిన్న పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నది అత్తమ్మ. మూడేళ్ల కింద ఆవిడ పోయారు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి కొనుక్కున్న గోలీలు ఏళ్ల తరబడి వేసుకున్నారు. చివరికి కిడ్నీలు దెబ్బతిని, డయాలసిస్ దాకా వెళ్లారు.

సంక్రాంతికి ముందు బ్రూనో వెనక కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టాడు. పొద్దున ముందరి కాళ్ల మీద బరువంతా వేసి లేవబోయి, జారి, మళ్లీ కూలబడేవాడు. పశువుల డాక్టరు ఎక్స్‌రే తీయించి తుంటి కీళ్లు అరిగాయన్నారు. బరువు 42 కిలోలు ఉంది, పది కిలోలు తగ్గించమన్నారు. రోజూ మెలాక్సికామ్ ఇవ్వమని, నెలకు రక్తపరీక్షకు తీసుకురమ్మని చెప్పారు. "రోజూ పెయిన్ కిల్లర్" అన్న మాట వినగానే భర్త చీటీ మడిచి జేబులో పెట్టేశారు. తర్వాత ఎవరో చెబితే ఫోన్‌లో సలహాలిచ్చే ఒక హోలిస్టిక్ కన్సల్టెంట్‌ని పట్టుకున్నారు. కొరియర్‌లో పేరులేని పొడి పొట్లాలు, హోమియో చుక్కల సీసా వస్తాయి. నెలకు 5,500 రూపాయలు. ఇంగ్లిష్ మందు ఒక్కటి కూడా వాడకూడదన్నది షరతు. ఈ ఏడు రేబీస్ టీకా కూడా వద్దని, దాని బదులు 'నోసోడ్' చుక్కలు (జబ్బు పదార్థం నుంచే చేసే హోమియో మందు) చాలని ఆ మనిషి చెప్పారట.

మామయ్యది ఇంకో దారి. ఆయన బాలానగర్ వైపు పల్లెలో పశువులు పెంచిన మనిషి. రోజూ సాయంత్రం ఆముదం వెచ్చచేసి, అందులో కర్పూరం కరిగించి కాళ్లకు మర్దన చేస్తారు. పిడుదులకు సీతాఫలం గింజలు నూరి పట్టిస్తారు. రొట్టెలో వెల్లుల్లి పెట్టి తినిపిస్తారు.

పాఠకురాలు ఇద్దరికీ తెలియకుండా, భర్త డ్యూటీకి వెళ్లాక, డాక్టరు రాసిన మెలాక్సికామ్‌ని పెరుగన్నంలో కలిపి పెడుతున్నారు. రెండు నెలలైంది. బ్రూనో లేచి తిరుగుతున్నాడు. భర్త ఆ పొడి మహిమే అని వీడియో తీసి పంపితే, కన్సల్టెంట్ దాన్ని తన వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకున్నారు. కాలనీలో ఇంకో రెండు ఇళ్లవాళ్లు అదే పొడి తెప్పించుకున్నారు. మామయ్య మాత్రం అదంతా ఆముదం చలవే అంటారు. రక్తపరీక్షకు వెళితే గుట్టు బయటపడుతుందని ఆమె వెళ్లలేదు.

"ఈ మధ్య నీళ్లు బాగా తాగుతున్నాడు, రాత్రి హాల్లోనే మూత్రం పోస్తున్నాడు, పొట్ట కూడా కొంచెం జారింది, ముసలితనం కదా అనుకుంటున్నాం" అని మధ్యలో ఒక వాక్యం. చివర్లో అసలు ప్రశ్న: "చెబితే ఆయన నన్ను మళ్లీ నమ్మరు. చెప్పకపోతే అందరూ ఆ పొడి కొంటూనే ఉంటారు. ఆ వైద్యాలన్నీ ఉత్తవేనా, లేక నేనే మొండిగా ఉన్నానా?"

సమాధానం:

మీ ఉత్తరంలో ఆయన కోపం గురించి రెండు పేజీలున్నాయి. నీళ్ల గురించి ఒక్క వాక్యమే ఉంది. నన్ను ఆపింది ఆ వాక్యమే. కాబట్టి ఇంటి గొడవ కాసేపు పక్కన పెడదాం.

పెద్ద వయసు కుక్క ఉన్నట్టుండి నీళ్లు ఎక్కువ తాగి, మూత్రం ఎక్కువ పోస్తుంటే దాన్ని ముసలితనం ఖాతాలో రాసేయకూడదు. కిడ్నీలు అలసిపోయినా అలాగే ఉంటుంది, షుగర్ వచ్చినా అలాగే ఉంటుంది, కొన్ని హార్మోన్ల జబ్బుల్లోనూ అంతే. మెలాక్సికామ్ నిజంగానే కిడ్నీల మీద భారం వేసే మందు. అందుకే డాక్టరు నెలకు రక్తపరీక్ష అన్నారు. రెండు నెలలుగా మందు నడుస్తోంది, పరీక్ష మాత్రం జరగలేదు. ఇది ఒక అనుమానం.

రెండో అనుమానం ఆ పొడి మీద. పేరూ, పాళ్లూ రాయని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మనుషుల మందుల్లోనే ఎన్నోసార్లు బయటపడింది. స్టెరాయిడ్ పడితే నొప్పి చిటికెలో తగ్గుతుంది, కుక్క హుషారవుతుంది, కొన్నవాళ్లు మురిసిపోతారు. దాంతోపాటే దప్పిక, మూత్రం, ఆకలి పెరుగుతాయి, పొట్ట జారుతుంది. మీరు రాసిన గుర్తులు దీనికీ సరిపోతాయి. అదే అని నేను అనడం లేదు, చూడకుండా ఎవరూ అనలేరు. కానీ ఒకవేళ అదే అయితే, స్టెరాయిడ్, మెలాక్సికామ్ ఒకే కడుపులో పడటం చాలా ప్రమాదం. కడుపులో, పేగుల్లో పుండ్లు పడి లోపలే రక్తం కారుతుంది.

కాబట్టి డాక్టరుకు ఫోన్ చేయడం ఈ రోజే జరగాలి. ఆయనతో మాట్లాడేదాకా మెలాక్సికామ్ పెట్టకండి. పొడిని మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే హఠాత్తుగా ఆపడమూ ప్రాణం మీదికి తెస్తుంది, తగ్గిస్తూ రావాలి. అది ఎలాగో ఆయనే చెబుతారు. విరేచనం తారులా నల్లగా వచ్చినా, వాంతులు చేసుకున్నా, తిండికి పేరుపడ్డ లాబ్రడార్ కంచం దగ్గరికి రాకపోయినా ఫోన్లతో ఆగకుండా బండెక్కించండి. వెళ్లేటప్పుడు పొట్లం, చుక్కల సీసా, మాత్రల స్ట్రిప్ మూడూ తీసుకెళ్లండి. పొద్దున మొదటిసారి పోసే మూత్రం శుభ్రమైన డబ్బాలో పట్టుకెళితే, కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచగలుగుతున్నాయో లేదో తెలుస్తుంది. రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, లివర్ ఎంజైములు, షుగర్ చూస్తారు. ఈలోగా గిన్నెలో నీళ్లు కొలిచి పోయండి. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే మీవాడికి నాలుగు లీటర్లు దాటితే, ఎండాకాలమని సరిపెట్టుకోవడానికి లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. బ్రూనోకి తగ్గింది ఎవరి మందు వల్ల?

మీరు మెలాక్సికామ్ వల్ల అనుకుంటున్నారు, ఆయన పొడి వల్ల అంటున్నారు, మామయ్య ఆముదం వల్ల అంటున్నారు. నాలుగో వాటాదారు ఒకరున్నారు, ఆ పేరు మీ ఉత్తరంలో లేదు. వాడు కుంటడం మొదలైంది సంక్రాంతి చలిలో. నడవడం మొదలైంది శివరాత్రి దాటాక. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అని మనవాళ్లు ఊరికే అనలేదు. కీళ్ల నొప్పి చలికి బిగుసుకుంటుంది, ఎండ కాసే రోజుల్లో సడలుతుంది. మీ మాత్ర పనిచేసి ఉండే అవకాశమే ఎక్కువ, కుక్కల కీళ్ల నొప్పికి అది బాగా పరీక్షకు నిలిచిన మందు. కానీ నాలుగూ ఒకేసారి నడుస్తుంటే ఎవరి వాటా ఎంతో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. మీ రహస్యం వల్ల జరిగిన అసలు నష్టం ఇదే అని నాకనిపిస్తోంది. భర్త దగ్గర దాచడం ఒక ఎత్తు, డాక్టరు దగ్గర కూడా దాచాల్సి రావడం ఇంకో ఎత్తు.

మీ ఆయన కళ్లను కూడా తప్పుపట్టకండి. కుంటే కుక్కల మీద 2012లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. కుక్క అడుగు వేస్తే కాలు ఎంత బరువు మోపుతుందో కొలిచే పలక మీద వాటిని నడిపించారు. మందు లేని ఉత్త మాత్ర వేసిన కుక్కల విషయంలోనూ యజమానులు "తగ్గింది" అని తరచూ చెప్పారు. పలక మాత్రం తగ్గలేదని చూపించింది. నడక చూసిన పశువైద్యులూ అలాగే పొరబడ్డారు. ప్రేమగా చూసుకునేవాళ్లకు తగ్గినట్టే కనబడుతుంది. నోరులేని జీవానికి ఉత్త మందు పనిచేయదు కదా, ఇది నిజంగా పనిచేసినట్టే అని వాదించేవాళ్లు చాలామంది ఉంటారు. భ్రమ పడేది కుక్క కాదు, మనం.

"ఆ వైద్యాలన్నీ ఉత్తవేనా" అన్న దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. ఇంగ్లిష్ మందా, నాటు మందా అని విడదీయడం మానేసి ఇంకోలా చూద్దాం. ఆ వైద్యం ఉన్నదానికి తోడుగా వస్తోందా, ఉన్నదాన్ని తీసేసి ఆ చోట కూర్చుంటోందా? లోపల ఏముందో తెలుసా? కుక్క నాకితే ఏమవుతుంది?

హోమియో చుక్కలు ఈ లెక్కలో చిన్న విషయం. సీసా మీద 30 అని ఉంటే, మందును వందో వంతుకు పలచన చేయడం వరసగా 30 సార్లు జరిగిందని అర్థం. మూల పదార్థం అందులో మిగిలి ఉండే అవకాశం లేదు. ఉత్త నీళ్లకు మించి పనిచేస్తుందన్న నమ్మదగిన రుజువు జంతువుల్లో దొరకలేదు. ఆ చుక్కల్లో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి నేరుగా నోట్లో వేయకుండా గిన్నెడు నీళ్లలో వేస్తే చాలు. మీ ఆయన మనసు కోసం అవి కొనసాగినా కుక్కకు హాని లేదు, డబ్బు దండగ తప్ప. పొడి విషయం వేరు. పరీక్ష ఫలితం ఎలా వచ్చినా, లోపల ఏముందో రాసివ్వని పొడిని కొనసాగించడానికి నాకు ఒక్క కారణమూ కనబడటం లేదు. కన్సల్టెంట్‌ని పదార్థాల పేర్లు రాసి పంపమని అడగమనండి. పంపితే డాక్టరుకు చూపించవచ్చు. "అది మా ఫార్ములా, చెప్పం" అంటే అదీ జవాబే. ఆయుర్వేదం పేరుతో అమ్మే కొన్నింట్లో సీసం, పాదరసం లాంటివి బయటపడిన సంగతి కూడా గుర్తుంచుకోండి.

మామయ్య గురించి మీరు కాస్త తేలిగ్గా రాశారు, నేను అలా రాయలేను. గేదెకు పొదుగువాపు వస్తే కలబంద, పసుపు, సున్నం నూరి పట్టించేవాడినని ఆయన చెబుతారని రాశారు కదా. సరిగ్గా ఆ మందునే జాతీయ పాడి అభివృద్ధి సంస్థ, అంటే ఎన్‌డీడీబీ, రైతులకు చెబుతోంది: కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు. యాంటీబయాటిక్ వాడకం తగ్గించడానికి పశువైద్యులే దాన్ని ముందుకు తెచ్చారు. మీ మామయ్య చేతిలో ఉన్నది మూఢనమ్మకం కాదు, గొడ్లపాకలో నేర్చుకున్న వైద్యం. కాకపోతే కుక్క గొడ్డు కాదు.

పశువుల కడుపు ఉబ్బరానికి, అజీర్తికి పట్టే నాటు మందుల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. కుక్క రక్తంలోని ఎర్రకణాలను ఆ రెండూ పగలగొడతాయి. ఒకటి రెండు రెబ్బలకు ఏమీ కనబడదు, రోజూ పడుతుంటే రక్తహీనత వస్తుంది. వెల్లుల్లి తింటే పిడుదులు దరిచేరవన్న మాట ఎన్ని గ్రూపుల్లో తిరిగినా, ఆ రొట్టె ఆగాలి. కర్పూరం కూడా అంతే. చర్మంలోంచి లోపలికి దిగుతుంది, కుక్క ఎలాగూ నాకుతుంది, ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. కర్పూరం లేని వెచ్చటి ఆముదంతో మర్దన చేయడంలో ఇబ్బంది లేదు. చేయి కాలనంత వేడి చాలు. వాడు నాకకుండా పాత బట్టతో తుడిచేయాలి, కడుపులోకి పోతే విరేచనాలవుతాయి. (ఆముదం తీశాక మిగిలే చెక్కను ఎరువుగా తెచ్చి పెరట్లో పెట్టే అలవాటు ఉంటే, బ్రూనోకి అందకుండా చూడండి. ఆ చెక్కలో విషం ఉంటుంది, వాసనకు కుక్కలు ఎగబడి తింటాయి.)

సీతాఫలం గింజల సంగతి మీ ప్రాంతం వాళ్లకు గట్టిగా చెప్పాల్సినది. బాలానగర్ పేరు మీదనే సీతాఫలం రకం ఉన్న ఊళ్లో ఆ గింజలకు కొదవ లేదు. గింజల ముద్దకు పేలనూ, పిడుదులనూ చంపే గుణం ఉన్న మాట నిజమే. కానీ ఆ గింజల పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర ఒరిసిపోతుంది. తలకు పట్టించుకున్న మనుషులకే కళ్లు ఎర్రబడి, వాచి, ఆస్పత్రికి పరుగులు పెట్టిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కుక్క మెడకు పూస్తే కాలితో గోక్కుని, ఆ కాలితోనే కన్ను తుడుచుకుంటుంది. బాబు వాణ్ని కౌగిలించుకుంటాడు. పిడుదులను మాత్రం వదిలేయడానికి వీల్లేదు. వాటి వల్ల టిక్ ఫీవర్ వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కులోంచి రక్తం కారేదాకా వెళుతుంది. బొప్పాయి ఆకు రసంతో సరిపెడుతూ డాక్సీసైక్లిన్ లాంటి అసలు మందును ఆలస్యం చేసి కుక్కలను పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. పిడుదులకు మెడ మీద వేసే చుక్కలు, నోటి మాత్రలు వాడటమే మేలు. మామయ్యకు మాత్రం వేళ్లతో వెతికి, పట్కారుతో తీసి, సబ్బునీళ్ల డబ్బాలో వేసే పని అప్పగించండి. చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో ఆయన చూసినంత ఓపికగా మీరు చూడలేరు.

ఆయనకు ఇంకా పెద్ద పని ఉంది. ఈ హోలిస్టిక్ వైద్యాల చిట్టాలో నాకు నమ్మకం కుదిరిన వాటిలో నీళ్లలో నడిపించడం ఒకటి. నీళ్లు బరువు మోస్తాయి, కీలు నొప్పి లేకుండా కదులుతుంది, తొడ కండ పెరుగుతుంది. పట్నాల్లో దీనికోసం గాజు తొట్లు పెట్టి డబ్బులు తీసుకుంటారు. మీకు మామయ్య ఊళ్లో చెరువు ఉంది, లాబ్రడార్‌కు నీళ్లంటే పండగ. ఒడ్డు ఏటవాలుగా ఉన్న వైపు, వాడి ఛాతీ దాకా లోతులో, మెడపట్టీకి తాడు కట్టి, కాసేపు నడిపించి బయటికి తీసుకురావాలి. బావిలోకి దించొద్దు, ఎక్కలేడు. డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టండి.

ఇంట్లో షాబాద్ బండలు అని రాశారు. ఆ నున్నటి బండ మీదే వాడు పొద్దున లేవలేక జారేది. పడుకునే చోటి నుంచి వాకిలి దాకా పాత జంపఖానానో, గోనె సంచులు కుట్టినదో పరిచి చూడండి. ఈ వైద్యానికి రూపాయి ఖర్చు లేదు.

బరువు సంగతి మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు, నా దృష్టిలో మొత్తం కథకు మూలం అదే. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జంటలుగా విడదీసి, జంటలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. 2002లో వచ్చిన ఫలితం ప్రకారం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్లకు మందు వేయాల్సిన అవసరం కూడా వాటికి చాలా ఆలస్యంగా వచ్చింది. ఏ పొడీ, ఏ నూనే, నిజం చెప్పాలంటే ఏ మాత్రా చేయలేని పని ఇది. వారానికి ఒంటి బరువులో ఒకటి రెండు శాతం తగ్గితే చాలు, తొందర వద్దు. మీ ఇంట్లో కుక్కకు నలుగురు నాలుగు దారుల్లో పెడుతున్నారు: మీ పెరుగన్నం, మామయ్య రొట్టె, బాబు పళ్లెంలోంచి జారే బిస్కెట్లు. మీ ఆయన పెట్టేది కన్సల్టెంట్ పట్టిక ప్రకారం వండినది. ఇంతమంది ప్రేమకు పది కిలోలు పెద్ద లెక్కేం కాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఒమేగా 3 ఉన్న చేపనూనెకు కుక్కల కీళ్ల నొప్పిలో కొంత రుజువుంది, మోతాదు డాక్టరును అడగండి. గ్లూకోసమైన్ మాత్రలకు రుజువు అంతంత మాత్రమే. ఆక్యుపంక్చర్ గురించి మంచి ఫలితాలూ, ఏమీ లేదన్న ఫలితాలూ రెండూ ఉన్నాయి. చేయించాలనుకుంటే పశువైద్యం చదివిన మనిషి చేతే చేయించాలి. ఆన్‌లైన్‌లో దొరికే టీ ట్రీ ఆయిల్ లాంటి ఘాటు నూనెలు ఇంట్లోకి రానీయకండి. మనుషులు వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ గోలీలైతే అసలే వద్దు.

ఇక మీ ఆయన. మాత్రలు తయారయ్యే చోట పనిచేస్తూ మాత్రలంటే భయపడటం మీకు విడ్డూరంగా ఉంది. నాకు లేదు. కన్నతల్లి నొప్పి గోలీలు మింగి మింగి కిడ్నీలు పోగొట్టుకోవడం చూసిన మనిషి, ఆ తల్లి పెంచిన కుక్కకు రోజూ నొప్పి గోలీ అంటే ఒప్పుకుంటాడా? ఆయన భయంలో సగం నిజం ఉంది కూడా. మామయ్యను అడగండి, ఆయన చిన్నప్పుడు చచ్చిన గొడ్డు మీద రాబందులు వాలేవి. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాల్లోంచి రాబందుల కిడ్నీలను దెబ్బతీసింది. జాతి జాతే తుడిచిపెట్టుకుపోయే దశకు వచ్చాక 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. దాని బదులు వాడమన్నది మెలాక్సికామ్‌నే. ఇంగ్లిష్ మందులు హాని చేయవని వాదిస్తే మీరు ఓడిపోతారు. అత్తమ్మ విషయంలో లేనిది పరీక్ష, మోతాదు చూసే డాక్టరు. బ్రూనోకి ఆ రెండూ ఉండేలా చూద్దాం అంటే ఆయన భయం కూడా మీ వైపుకు వస్తుంది.

చెప్పాలా వద్దా? మూడు దారులు కనబడుతున్నాయి.

చెప్పకుండా, మీరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి అన్నీ ఆయనకు మాత్రమే చెప్పవచ్చు. కుక్క ప్రాణానికి ఇది చాలు. కానీ పొడి ఆగాలంటే భర్తకు కారణం చెప్పాలి, అక్కడ ఇంకో అబద్ధం పుడుతుంది. వీడియో చూసి కొన్నవాళ్లు కొంటూనే ఉంటారు.

రెండోది, డాక్టరు గదిలో, డాక్టరు ముందే మీ ఆయనకు చెప్పడం. మూడో మనిషి ఉంటే గొంతులు లేవవు, మందుల ప్రమాదం గురించి డాక్టరు మాట మీ మాట కంటే బరువుగా ఉంటుంది. కాకపోతే మీ ఆయనకు అది నలుగురిలో తల దించుకున్నట్టు అనిపించవచ్చు. మీరిద్దరూ కూడబలుక్కుని తనను వెర్రివాణ్ని చేశారనుకోవచ్చు. ఆయన స్వభావం నాకు తెలియదు, మీకు తెలుసు.

మూడోది, వెళ్లే ముందే ఇంట్లో ఆయనకొక్కరికే చెప్పడం. నేనైతే ఇటే మొగ్గుతాను. మాత్ర గొప్పా, పొడి గొప్పా అన్న దగ్గర మొదలుపెట్టకండి. నీళ్ల గిన్నె దగ్గర మొదలుపెట్టండి: వాడు నీళ్లు ఎక్కువ తాగుతున్నాడు, నాకు టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే మీకు చెప్పకుండా నేను మాత్ర ఇస్తున్నాను, మీరిచ్చే పొడిలో ఏముందో తెలియదు, రెండూ కలిస్తే ప్రమాదమట. కోప్పడతారు. రెండు మూడు రోజులు మాట్లాడకపోవచ్చు. మీరు అడ్డంగా దొరికిపోయిన రోజు వచ్చే కోపంతో పోలిస్తే ఇది తక్కువే. "నా పొడి వల్లే తగ్గింది" అని ఆయన పట్టుబడితే కాదనకండి, ఆ వాదనకు ఇప్పుడు తీర్పు లేదు. రక్తపరీక్ష ఒక్కటి ఒప్పిస్తే చాలు.

మామయ్యకు మాత్రల సంగతి చెప్పడం మీ ఆయనకే వదిలేయండి. కర్పూరం, వెల్లుల్లి, గింజల మాట మాత్రం డాక్టరు నోటి నుంచి వింటేనే ఆయనకు బాగుంటుంది. కోడలు తన వైద్యాన్ని తప్పుపట్టినట్టు ఉండదు. ఆయన్నీ వెంట తీసుకెళ్లండి.

రేబీస్ టీకా దగ్గర మాత్రం నా దగ్గర రెండో మాట లేదు. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక బతికి బట్టకట్టినవాళ్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. నోసోడ్ చుక్కలు రేబీస్‌ను ఆపుతాయన్న రుజువు లేదు. కుక్క కరిస్తే ఆకు పసరు పోసి ఊరుకునే ఇళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. గాయాన్ని సబ్బు, ధారగా పారే నీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజే ఆస్పత్రిలో టీకా మొదలుపెట్టడానికి బదులు ఇంకోటి లేదు. మీ ఇంట్లో ఆరేళ్ల పిల్లాడు ఆ కుక్క మెడ పట్టుకుని నిద్రపోతాడని మీరే రాశారు. బ్రూనో ఒంట్లో ఇప్పుడు బాగోలేదు కాబట్టి డాక్టరు టీకాను కొన్ని వారాలు వాయిదా వేయవచ్చు. మిగతా టీకాల్లో కొన్నింటిని ఏటా కాకుండా దూరం దూరంగా వేయించవచ్చేమో కూడా అడగండి, అది న్యాయమైన ప్రశ్నే. ఆ నిర్ణయం తీసుకోవాల్సింది కుక్కను చేత్తో తడిమి చూసిన మనిషి, ఫోన్‌లో ఉన్న మనిషి కాదు.

వీడియో సంగతి ఫలితాలు వచ్చేదాకా ఆగవచ్చు. కానీ ఆ రెండు ఇళ్లవాళ్లకు ఒక్క మాట ముందే అందాలి: ఆ పొడితో పాటు ఏ నొప్పి మాత్రా ఇవ్వొద్దు, కుక్క నీళ్లు ఎక్కువ తాగుతోందేమో చూసుకోండి అని. దానికి మీ రహస్యం విప్పాల్సిన పని లేదు, "మావాడికి అలా అవుతోంది, చూపించడానికి వెళ్తున్నాం" అంటే సరిపోతుంది. కన్సల్టెంట్‌కు వీడియో తీసేయమని చెప్పాల్సింది మాత్రం పంపిన ఆయనే.

అన్నీ విన్నాక కూడా ఆయన ఒప్పుకోకపోతే? అప్పుడు మీరే మామయ్యను వెంటబెట్టుకుని ఆటో మాట్లాడుకోండి. డాక్టరు స్కానింగ్ లాంటివి రాస్తే రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది. ఎండ ముదరకముందే బయల్దేరండి. రక్తపరీక్షకు ఖాళీ కడుపుతో తీసుకురమ్మంటారేమో ఫోన్‌లోనే అడగండి. అలా అంటే ఆ పొద్దున రొట్టె ముక్క కూడా పెట్టొద్దని బాబుకీ, మామయ్యకీ ముందు రాత్రే చెప్పి ఉంచండి.